కరగని మందు, కరిగే కూలి

సూరత్‌లోని ఉధనా, లింబాయత్ ప్రాంతాల్లో మరమగ్గాల చప్పుడు పగలూ రాత్రీ వినిపిస్తుంది. తెలంగాణ నుంచి వలస వచ్చిన నేత కుటుంబాలు ఇక్కడ ఎంతగా స్థిరపడ్డాయంటే, వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా పెట్టింది. షెడ్లలో వేడి, ఉక్క, ఒంటికి అంటుకునే చెమట బట్టలు. తామరకు ఇంతకంటే అనువైన చోటు ఉండదు.

2010 దశకంలో దేశమంతటా తామర మొండికేసింది. టెర్బినాఫిన్‌కు లొంగకపోవడంతో డాక్టర్లు ఇట్రాకోనజోల్ వైపు మొగ్గారు. వారాల తరబడి వాడాల్సిన మందిది. చిక్కేమిటంటే, అది నీటిలో దాదాపుగా కరగదు. కరగనిది రక్తంలో చేరదు. కూలి డబ్బుతో కొన్న మందు పేగుల్లోంచి అలాగే బయటికి పోతుంది.

పరిష్కారం వంటింట్లోనే కనిపిస్తుంది. కలకండ కంటే పంచదార త్వరగా కరుగుతుంది. ఒక మిల్లీమీటరు ఘనాన్ని 10 మైక్రాన్ల ఘనాలుగా విడగొడితే 10 లక్షల ముక్కలవుతాయి. ద్రవానికి తగిలే ఉపరితలం 100 రెట్లు పెరుగుతుంది. తామరకే వాడే గ్రిసియోఫుల్విన్‌ను సూక్ష్మకణాలుగా మారిస్తే సగం మోతాదే చాలని 1960ల తొలినాళ్లలోనే తేలింది. కొవ్వు తగ్గించే ఫెనోఫైబ్రేట్‌దీ అదే కథ. 300 మి.గ్రా. చేసే పనిని సూక్ష్మకణాల రూపంలో 200 మి.గ్రా. చేస్తుంది.

అయితే సన్నగా నూరితేనే సరిపోదు. నీటికి పొసగని పొడి ఉండకడుతుంది. అందుకే ఇట్రాకోనజోల్‌ను నీటిలో కలిసే పాలిమర్‌తో కలిపి చిన్న చక్కెర పూసలపై పూతగా వేస్తారు. క్యాప్సూల్ విప్పితే కనిపించే ఆ పూసల సంఖ్య, సైజు కంపెనీని బట్టి మారుతుంటాయి. అట్టపై అచ్చయిన 100 మి.గ్రా. మాత్రం మారదు. పాత 100 మి.గ్రా.కు బదులు 65 మి.గ్రా.తోనే సరిపెట్టే కొత్త రూపాన్ని అమెరికా 2018లో అనుమతించింది.

మన ప్రభుత్వమూ ఊరుకోలేదు. 2017 ఏప్రిల్‌లో ఔషధ నిబంధనలను సవరించింది. సరిగా కరగని మందుకు లైసెన్సు కోరే కంపెనీ, తన సరుకు కూడా అసలు మందుతో సమానంగా రక్తంలో చేరుతుందని నిరూపించాలి. కానీ మందుల షాపులో నిలబడ్డ కార్మికుడికి ఆ నివేదిక కనిపించదు. కనిపించేది ధర ఒక్కటే.

అతనికి తప్పక చెప్పాల్సిన సంగతి మరొకటుంది. మామూలు ఇట్రాకోనజోల్ క్యాప్సూల్ కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి. కడుపునిండా తిన్న వెంటనే వేసుకోవాలి. రాత్రి షిఫ్టులో టీతో సరిపెట్టుకుని, దానికి తోడు గ్యాస్ మాత్ర మింగేవారికి ఎంత మంచి కంపెనీ మందైనా సగమే పడుతుందేమో డాక్టరు అడిగి తెలుసుకోవాలి.