కాలినడక మొక్కు – మోకాళ్ల సంరక్షణ

తిరుమల కొండను నడిచి ఎక్కి స్వామివారిని దర్శించుకొంటామని మొక్కుకొనేవారు మన పుంగనూరు ప్రాంతంలో ఎందరో ఉన్నారు. అలిపిరి మార్గంలో సుమారు 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు మార్గంలో సుమారు 2,388 మెట్లు ఉన్నాయి. భగవద్రామానుజులు మోకాళ్లపై ఎక్కారని ప్రతీతి గల మోకాళ్ల పర్వతం అలిపిరి దారిలోనిదే. అయితే నడివయస్సు దాటిన భక్తులు పలువురు మోకాళ్ల నొప్పుల కారణంగా ఏటేటా మొక్కును వాయిదా వేసుకొనడం నేను చూస్తున్నాను. నొప్పికి వెరచి కదలడమే మానివేస్తే తొడ కండరాలు క్షీణిస్తాయి. కండరాలు క్షీణించిన కొలదీ మోకాలికి ఆసరా తగ్గి, నొప్పి మరింత అధికమవుతుంది. అట్టివారికి ఇంటిలోనే చేసుకొనదగిన ఒక వ్యాయామాన్ని గురించి ఇక్కడ వివరిస్తున్నాను.

ఎలిప్టికల్ ట్రైనర్ అనే యంత్రాన్ని దుకాణాలలో క్రాస్ ట్రైనర్ అని కూడా అంటారు. అమెరికాకు చెందిన ప్రికోర్ సంస్థ 1995లో దీనిని విపణిలో ప్రవేశపెట్టింది. పాదాలుంచే పలకలు కోడిగ్రుడ్డును పోలిన దీర్ఘవృత్త మార్గంలో కదులుతాయి కనుక దీనికి ఆ పేరు వచ్చింది. పరుగెత్తేటప్పుడు ప్రతి అడుగులోను శరీర బరువుకు రెండు మూడు రెట్ల తాకిడి కాలికి తగులుతుంది. ఈ యంత్రంపై పాదం పలకను వీడదు. అందువలన తాకిడి స్వల్పం. అయినప్పటికీ గుండెకు, ఊపిరితిత్తులకు, తొడ కండరాలకు చక్కని శ్రమ లభిస్తుంది.

ఎక్కేటప్పుడు కదలని పిడిని పట్టుకొని, క్రిందికి దిగియున్న పలకపై ముందుగా కాలు మోపాలి. నడుము నిటారుగా ఉంచి, ప్రక్కవారితో మాట్లాడగలిగినంత వేగంతోనే సాగాలి. మొదటి వారం రోజుకు 5 నుండి 10 నిమిషాలు, తక్కువ బిగువుతో చేస్తే చాలును. క్రమంగా 30 నిమిషాలకు పెంచి, వారానికి ఐదు రోజులు చేసినచో, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించిన కనీస పరిమితి అయిన 150 నిమిషాలు పూర్తవుతాయి. యంత్రం లేనివారు సైకిలు త్రొక్కవచ్చును, లేదా చదునైన నేలపై నడవవచ్చును.

అయితే ఈ యంత్రం మెట్ల సాధనకు బదులు కాజాలదు. మెట్టు ఎక్కేటప్పుడు శరీరమంతటినీ ఒక్క కాలిపై పైకెత్తవలసి ఉంటుంది. దిగేటప్పుడు మోకాలి కీలుపై పడే భారం శరీర బరువుకు మూడు రెట్లను మించుతుంది. కనుక ప్రయాణానికి నెల ముందు నుండి ఇంటి మెట్లపై కొద్దికొద్దిగా అలవాటు చేసుకోవాలి. చేతుల సాయం లేకుండా కుర్చీ నుండి పదిసార్లు లేచి కూర్చొనడం తొడలకు బలమిస్తుంది. కొండను నడిచి ఎక్కినవారు తిరుగు ప్రయాణంలో బస్సులో దిగితే మోకాళ్లకు క్షేమం.

అరవై ఏండ్లు పైబడినవారు, గుండె జబ్బు, మధుమేహం, అధిక రక్తపోటు, మూర్ఛ, కీళ్ల వ్యాధులు కలవారు కాలినడకన రావడం శ్రేయస్కరం కాదని తిరుమల తిరుపతి దేవస్థానం వారు 2024లో సూచించారు. అట్టివారు వైద్యుని అనుమతి లేనిదే నడకకు గాని, ఈ యంత్ర సాధనకు గాని పూనుకొనరాదు. సాధనలో ఛాతీనొప్పి, తల తిరగడం, మోకాలి వాపు కనిపిస్తే వెంటనే ఆపి వైద్యుని సంప్రదించాలి.

వైద్యుడు నడక వలదన్నచో బస్సులో వెళ్లి దర్శించుకొన్నా స్వామి కటాక్షానికి లోటుండదు. నడువగలిగినవారు మాత్రం కనీసం మూడు నెలల ముందుగానే సాధన ఆరంభించవలసినదిగా నా మనవి.