కోడ్‌ రాస్తే.. నోడ్‌ రెడీ!

బ్లాక్‌చెయిన్‌ అనగానే చాలామందికి బిట్‌కాయిన్‌ ధరలు గుర్తొస్తాయి. కాస్త చదివినవాళ్లకు స్మార్ట్‌ కాంట్రాక్టులు తెలుస్తాయి. వీటన్నిటి వెనక ఇంకో పని ఉంది. నెట్‌వర్క్‌ను నిలబెట్టే కంప్యూటర్లను.. అంటే నోడ్‌లను రేయింబవళ్లు నడిపించే పని. క్లౌడ్‌, లైనక్స్‌ అంటే ఆసక్తి ఉన్నవారికి ఇది బాగా నప్పుతుంది. ఫ్రెషర్లు ఎలా సిద్ధమవ్వాలి? ఇంటర్వ్యూకు ముందు ఏం తెలుసుకోవాలి? చూద్దాం.

నోడ్‌ అంటే..

బ్యాంకు ఖాతాల లెక్క ఆ బ్యాంకు సర్వర్లలోనే ఉంటుంది. ఎథీరియం లాంటి బ్లాక్‌చెయిన్‌లో మాత్రం ఒకే పద్దుల పుస్తకం నకళ్లు వేల కంప్యూటర్లలో ఉంటాయి. అలాంటి ఒక్కో కంప్యూటరే నోడ్‌. ఎథీరియం 2022 సెప్టెంబరులో ప్రూఫ్‌ ఆఫ్‌ స్టేక్‌ విధానానికి మారింది. అప్పటి నుంచి ఒక్కో నోడ్‌లో రెండు సాఫ్ట్‌వేర్లు కలిసి పనిచేయాలి. లావాదేవీలను అమలు చేసేది ఎగ్జిక్యూషన్‌ క్లయింట్‌. గెత్‌, బేసు ఈ కోవలోవి. ఏ బ్లాక్‌ సరైనదో మిగతా నోడ్‌లతో కలిసి తేల్చేది కన్సెన్సస్‌ క్లయింట్‌. లైట్‌హౌస్‌, టేకు ఇలాంటివి. ప్రధాన నెట్‌వర్క్‌లో ఫుల్‌ నోడ్‌కు 16 జీబీ ర్యామ్‌, 2 టీబీ వేగవంతమైన ఎస్‌ఎస్‌డీ ఉంటే మంచిది.

క్లిక్‌లు కాదు.. కోడ్‌

క్లౌడ్‌ వెబ్‌సైట్‌లో ఒక్కో బటన్‌ నొక్కుతూ సర్వర్‌ తయారుచేయొచ్చు. ఒకటైతే ఫర్వాలేదు. పది కావాలంటే? మూణ్నెల్ల తర్వాత అచ్చం అలాంటిదే మళ్లీ కట్టాలంటే? అప్పుడు ఏం నొక్కామో ఎవరికి గుర్తుంటుంది! అందుకే కావాల్సినవన్నీ ఫైల్‌లో రాసిపెట్టే పద్ధతి వచ్చింది. అదే ఇన్‌ఫ్రాస్ట్రక్చర్‌ యాజ్‌ కోడ్‌. ఇందుకు ఎక్కువగా వాడే టూల్‌ టెర్రాఫామ్‌. 2014లో హాషికార్ప్‌ దీన్ని విడుదల చేసింది. 2023లో లైసెన్స్‌ నిబంధనలు మార్చడంతో దీన్నుంచే ఓపెన్‌టోఫు పుట్టింది. ఒకటి నేర్చుకుంటే రెండోదీ వచ్చినట్టే.

ఇందులో ‘ప్లాన్‌’ కమాండ్‌ ఏమేం మారబోతున్నాయో ముందే చూపిస్తుంది. ‘అప్లై’ కడుతుంది. ‘డిస్ట్రాయ్‌’ కూల్చేస్తుంది. నోడ్‌ కోసం రాసేటప్పుడు రెండు విషయాల్లో జాగ్రత్త అవసరం.

* డిస్కు: చెయిన్‌ డేటాను విడి డిస్కులో ఉంచాలి. అప్పుడు మెషీన్‌ మార్చినా డేటా పోదు. ‘ప్లాన్‌’ చూపించే మార్పుల్లో ఆ డిస్కును తీసేసి కొత్తది పెడతానని కనిపిస్తే అక్కడే ఆగాలి. లేదంటే మళ్లీ మొదటి నుంచి సింక్‌ చేసుకోవాల్సిందే.
* ఫైర్‌వాల్‌: గెత్‌ తోటి నోడ్‌లతో మాట్లాడేది 30303 పోర్టులో. దాన్ని తెరవాలి. యాప్‌లు ప్రశ్నలు పంపే 8545, రెండు క్లయింట్లు మాట్లాడుకునే 8551 పోర్టులను మాత్రం బయటి ఇంటర్నెట్‌కు తెరవకూడదు.

అసలు పరీక్ష ఇక్కడే

వెబ్‌సైట్‌ సర్వర్‌ ఆగిపోతే అలాంటిదే ఇంకోటి పెట్టేస్తాం. కోడ్‌ ఉంది కాబట్టి నిమిషాల్లో పని. వాలిడేటర్‌ విషయంలో ఈ అలవాటే కొంప ముంచుతుంది!

ఎథీరియంలో కనీసం 32 ఈథర్‌ను పూచీగా పెట్టి, బ్లాకులకు ఓటు వేసేదే వాలిడేటర్‌. దాని మెషీన్‌ ఆగిపోయిందనుకుని, అదే కీతో కొత్తది మొదలుపెట్టారనుకుందాం. పాతది నిజానికి ఆగలేదు, నెట్‌ తెగి మళ్లీ కలిసింది. ఇప్పుడు ఒకే కీతో రెండు మెషీన్లు సంతకాలు చేస్తుంటాయి. ఒకదానికొకటి పొంతనలేని సంతకాలు పడ్డాయో, నెట్‌వర్క్‌ దాన్ని మోసంగానే చూస్తుంది. పూచీలో కోత పెట్టి, వాలిడేటర్‌ను బయటికి పంపేస్తుంది. దీన్నే స్లాషింగ్‌ అంటారు. అదే కొన్ని గంటలు ఆఫ్‌లైన్‌లో ఉంటే మామూలు రోజుల్లో పడే జరిమానా చాలా తక్కువ.

‘నోడ్‌ పడిపోతే ఏం చేస్తావ్‌?’ అని ఇంటర్వ్యూలో అడిగితే ‘వెంటనే ఇంకోటి పెడతాను’ అనకండి. ‘వాలిడేటర్‌ అయితే ముందు పాతది పూర్తిగా ఆగిందని ఖాయం చేసుకుంటాను. దాని సంతకాల రికార్డును కొత్త మెషీన్‌కు తెచ్చుకున్నాకే మొదలుపెడతాను’ అనండి. అనుభవం లేకపోయినా విషయం తెలుసని అర్థమవుతుంది.

మరో మాట. కీలు, పాస్‌వర్డ్‌లు కోడ్‌లో రాయొద్దు. టెర్రాఫామ్‌ స్టేట్‌ ఫైల్‌లో రహస్యాలు మామూలు అక్షరాల్లోనే ఉండిపోవచ్చు. ఆ ఫైల్‌ను గిట్‌హబ్‌లో పెట్టడం ఇంటి తాళం వీధిలో వేలాడదీయడమే.

ఖర్చు లేని ప్రాజెక్టు

ప్రధాన నెట్‌వర్క్‌ నోడ్‌ విద్యార్థులకు భారమే. ల్యాప్‌టాప్‌లో డాకర్‌ వేసుకుని, టెర్రాఫామ్‌తోనే నాలుగు బేసు నోడ్‌ల సొంత నెట్‌వర్క్‌ కట్టండి. క్యూబీఎఫ్‌టీ విధానం పెట్టుకోండి. ఒక నోడ్‌ ఆపితే బ్లాకులు వస్తూనే ఉంటాయి. రెండోది ఆపితే నిలిచిపోతాయి. నాలుగింటిలో మూడైనా ఒప్పుకోవాలి కదా! ఎందుకు ఆగింది, మళ్లీ ఎలా లేపారు అన్నది రీడ్‌మీ ఫైల్‌లో మీ మాటల్లో రాయండి. ఆ తర్వాత కొన్ని గంటలపాటు క్లౌడ్‌లో ప్రయత్నించండి. బడ్జెట్‌ అలర్ట్‌ పెట్టుకోండి. పని అవగానే ‘డిస్ట్రాయ్‌’ మరవొద్దు. బిల్లు నిద్రపోదు!

అవకాశాలు ఎక్కడ?

కేంద్రం 2024 సెప్టెంబరులో విశ్వస్య బ్లాక్‌చెయిన్‌ స్టాక్‌ను ప్రారంభించింది. దీన్ని నడిపే ఎన్‌ఐసీ డేటా సెంటర్లలో హైదరాబాద్‌ ఒకటి. మిగతావి భువనేశ్వర్‌, పుణె. ఈ కృషిలో ఐఐటీ, ట్రిపుల్‌ఐటీ హైదరాబాద్‌లతో పాటు ఐడీఆర్‌బీటీ కూడా పాలుపంచుకుంది. ఉద్యోగాలు వెతికేటప్పుడు ‘బ్లాక్‌చెయిన్‌’ ఒక్కటే కాకుండా డెవాప్స్‌, సైట్‌ రిలయబిలిటీ, ప్లాట్‌ఫామ్‌ ఇంజినీర్‌ పేర్లతోనూ చూడండి. లైనక్స్‌, నెట్‌వర్కింగ్‌, టెర్రాఫామ్‌ ఏ క్లౌడ్‌ ఉద్యోగంలోనైనా పనికొస్తాయి. బ్లాక్‌చెయిన్‌ కొలువు ఆలస్యమైనా నేర్చుకున్నది వృథా కాదు.

ఆఫర్‌ పేరుతో ముందే కాయిన్లు కట్టమన్నా, వాలెట్‌ సీడ్‌ పదాలు అడిగినా అది మోసమే. టెస్ట్‌ అంటూ ముక్కూమొహం తెలియనివారు పంపిన కోడ్‌ను మీ సొంత సిస్టమ్‌లో రన్‌ చేయకండి.