ఇంటింటా చాపకూడు

పిల్లవాడి పుట్టినరోజైనా, సంక్రాంతి పేరంటమైనా నలుగురిని పిలవాలంటే ఇల్లాలికి గుండెదడ. బల్లలు, కుర్చీలు, అద్దె సామాను, అలంకరణ! పల్నాటివారికి ఇంతకంటె సులువైన విందు ఉండనే ఉంది. అదే చాపకూడు.

పన్నెండవ శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడని మన వీరగాథలు చెబుతాయి. నేటికీ కారెంపూడిలో కార్తీకమాసం చివర మొదలై అయిదు రోజులు సాగే వీరారాధనలో, మందపోరునాడు చాపకూడు పెడతారు.

మా ఇంట దీనినే పండుగ చేస్తాం. హాలులో పొడుగు చాపలు పరిచి, గుమ్మానికి మామిడాకులు కట్టి, ముంగిట ముగ్గు పెడితే అలంకారం అయిపోయినట్లే. మోకాళ్లనొప్పులవారికి గోడవార ఒక కుర్చీ. విస్తళ్లలో పులిహోర, ముద్దపప్పు, గోంగూర పచ్చడి, పెరుగన్నం. వడ్డన మగవారూ, పిల్లలూ వంతులు వేసుకోవాలి. చేతులు కడుక్కున్నాక పెద్దలెవరైనా బాలచంద్రుడి కథ ఎత్తుకుంటే పిల్లలు కదలరు.

ఒక్క నియమం మాత్రం కఠినం. ఇల్లు తుడిచే మనిషీ, పాలు పోసే అతనూ అదే పంక్తిలో, అదే వేళ కూర్చోవాలి. "వాళ్లకు తరువాత పెడదాంలే" అన్నామా, చాపకూడు పేరెత్తే హక్కు మనకు లేదు. మొదటి ఏడు మా బంధువులిద్దరు ఆకలి లేదన్నారు. మేము బలవంతపెట్టలేదు, పంక్తీ మార్చలేదు. మరుసటి ఏడు వారిలో ఒకరు వచ్చి కూర్చున్నారు.