ఒక ఆనవాలు చాలదు: విశ్వవిద్యాలయ ఖాతాకు రెండో తాళం

అశోకవనంలో హనుమంతుడు కనిపించినప్పుడు సీత వెంటనే నమ్మలేదు. సన్న్యాసి వేషంలో వచ్చిన రావణుడి చేతిలో ఒకసారి మోసపోయింది కనుక, ఈ వానర రూపం కూడా అతడి మాయేమోనని శంకించింది. రాముడి రూపురేఖలు చెప్పమంది. హనుమంతుడు అవి వర్ణించి, ఆ తరువాత ఉంగరం ఇచ్చాడు. అతడు తిరిగి వెళ్లేటప్పుడు సీత కూడా ఒక్క ఆనవాలుతో సరిపెట్టలేదు. తనకూ రాముడికీ మాత్రమే తెలిసిన కాకాసుర వృత్తాంతం చెప్పింది, చూడామణినీ చేతికిచ్చింది. నగ ఒక్కటే అయితే ఎవరైనా దొంగిలించి తెచ్చి ఉండవచ్చు. మాట ఒక్కటే అయితే ఎవరైనా చాటున విని ఉండవచ్చు. రెండూ ఒకరి దగ్గరే ఉన్నప్పుడు నమ్మకం కుదురుతుంది.

ఈనాడు అనేక విశ్వవిద్యాలయాలు విద్యార్థులను కోరుతున్న ‘బహుళాంశ ధ్రువీకరణ’ సారాంశం ఇదే. దీని గురించిన సూచనలు ఎక్కువగా ఇంగ్లీషులో వస్తాయి, కొన్నిచోట్ల ఆ రాష్ట్ర భాషలో వస్తాయి. బళ్లారి, హోసూరు, బరంపురం, షోలాపూరు, యానాం వంటి చోట్ల చదువుకుంటున్న మన విద్యార్థుల కోసం ఆ సంగతులను తెలుగులో ఒకచోట చేర్చడం ఈ వ్యాసం ఉద్దేశం.

సంకేతపదం ఎందుకు చాలదు

కంప్యూటరుకు సంకేతపదం, అంటే పాస్‌వర్డు, పుట్టిందే ఒక విశ్వవిద్యాలయంలో. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో 1961లో ఫెర్నాండో కొర్బాటో బృందం ఒకే యంత్రాన్ని అనేకమంది వాడుకునే ఏర్పాటు చేసింది. ఎవరి ఫైళ్లు వారికే ఉండాలని పాస్‌వర్డులు పెట్టారు. మరుసటి సంవత్సరమే, తనకు కేటాయించిన గంటలు చాలక, ఆలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి పాస్‌వర్డుల ఫైలు మొత్తాన్ని అచ్చు వేయించుకున్నాడు. ఈ సంగతి చాలా ఏళ్ల తరువాత ఆయనే బయటపెట్టాడు. పాస్‌వర్డు ఎంత పాతదో దాని దొంగతనమూ దాదాపు అంత పాతదే.

ఈ కాలపు దొంగతనాలు ఇంత సరదా అయినవి కావు. 2018 మార్చిలో అమెరికా న్యాయశాఖ తొమ్మిదిమంది ఇరాన్ దేశీయులపై అభియోగాలు మోపింది. ఆ అభియోగపత్రం ప్రకారం వారు అమెరికాలో 144, మరో 21 దేశాలలో 176 విశ్వవిద్యాలయాలపై గురిపెట్టి, సుమారు 8,000 మంది ఆచార్యుల ఖాతాలలోకి చొరబడ్డారు. వారు వాడిన ఉపాయం చాలా సాదా అయినది. ‘మీ వ్యాసం చదివాను, బాగుంది’ అంటూ మరో ఆచార్యుడు రాసినట్టుగా ఒక ఉత్తరం పంపారు. అందులోని లంకె నొక్కితే అచ్చం సొంత విశ్వవిద్యాలయం పుటలాగే ఉండే నకిలీ పుట తెరుచుకుంటుంది. అక్కడ పాస్‌వర్డు కొట్టగానే అది దొంగల చేతికి చేరుతుంది.

విద్యార్థి ఖాతాలో దొంగిలించడానికి ఏముంటుందని అనుకోరాదు. ఉత్తరాలు, మార్కులు, హాల్ టికెట్టు, ఫీజు రసీదులు, స్కాలర్‌షిప్పు వివరాలు, గ్రంథాలయ ప్రవేశం చాలాచోట్ల ఇప్పుడు ఒకే తాళంతో తెరుచుకుంటాయి. ఒకే పాస్‌వర్డును నాలుగు చోట్ల వాడే అలవాటు మనలో చాలామందికి ఉంది. వాటిలో ఒకచోట అది బయటపడితే మిగిలిన మూడు చోట్లా తలుపు తెరిచినట్టే.

మూడు రకాల ఆనవాళ్లు

మనం ఫలానా వారమని యంత్రానికి రుజువు చేసుకునే మార్గాలు మూడు. మొదటిది మనకు తెలిసినది: పాస్‌వర్డు, పిన్ నంబరు. రెండవది మన దగ్గర ఉన్నది: ఫోను, కార్డు, తాళంచెవి వంటి పరికరం. మూడవది మన శరీరం: వేలిముద్ర, ముఖం. వీటిలో కనీసం రెండు వేరు వేరు రకాలవి అడగడమే బహుళాంశ ధ్రువీకరణ. ఇక్కడ ‘వేరు వేరు’ అన్న మాట ముఖ్యం. పాస్‌వర్డుతో పాటు అమ్మమ్మగారి ఊరి పేరు అడిగితే అది రెండో అంశం కాదు. రెండూ తెలిసిన సంగతులే కనుక, మొదటిదాన్ని రాబట్టినవాడు రెండోదాన్నీ రాబట్టగలడు.

ఈ పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. ఏ.టి.ఎం.లో కార్డు మన దగ్గర ఉన్నది, పిన్ మనకు తెలిసినది. కార్డుతో ఆన్‌లైన్‌లో చేసే చెల్లింపులకు అదనపు ధ్రువీకరణ ఉండాలని రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు 1 నుంచి నియమం పెట్టింది. డబ్బు విషయంలో పాటిస్తున్న జాగ్రత్తనే ఇప్పుడు చదువు విషయంలోనూ పాటించమంటున్నారు.

రెండో అంశంలో రకాలు

అందరికీ తెలిసినది ఎస్.ఎం.ఎస్. ద్వారా వచ్చే ఓ.టి.పి. ఏమీ లేకపోవడం కంటే ఇది ఎంతో మేలు. అయినా దీనికి లోపాలున్నాయి. మోసగాడు మన పేరుతో కొత్త సిమ్ కార్డు సంపాదిస్తే సందేశాలు అతడికే వెళతాయి. సిగ్నల్ లేనిచోట సందేశం రానే రాదు.

ఇంతకంటే మెరుగైనది ఫోనులో పెట్టుకునే ధ్రువీకరణ యాప్. దీని పనితీరు తెలుసుకోదగినది. మొదటిసారి తెర మీది గళ్ల చతురస్రాన్ని, అంటే క్యూ.ఆర్. కోడ్‌ను, ఫోనుతో చదివించినప్పుడు ఒక రహస్య సంఖ్య ఫోనులోకి చేరుతుంది. అదే సంఖ్య విశ్వవిద్యాలయం కంప్యూటరులోనూ ఉంటుంది. ఆ తరువాత ఇద్దరూ ఆ రహస్యాన్నీ ఆ క్షణపు సమయాన్నీ కలిపి ఒకే లెక్క చేస్తారు. ఫలితంగా ఆరు అంకెలు వస్తాయి. సాధారణంగా ముప్ఫై సెకన్లకు ఒకసారి అవి మారిపోతాయి. రెండు వైపులా లెక్క ఒకటే కనుక జవాబూ ఒకటే అవుతుంది. ఈ పద్ధతి 2011లో అంతర్జాల ప్రమాణంగా ప్రచురితమైంది. అంకెలు ఎక్కడి నుంచీ ‘రావు’, ఫోనులోనే పుడతాయి. అందువల్ల రాయగడ కొండల్లోని హాస్టలులో ఫోనుకు సిగ్నల్ లేకపోయినా అవి కనిపిస్తాయి. ఫోను గడియారం మాత్రం సరిగా ఉండాలి. అది తప్పితే అంకెలూ తప్పుతాయి.

మరో పద్ధతిలో ‘ఇప్పుడు లోపలికి వస్తున్నది మీరేనా?’ అని ఫోను అడుగుతుంది. అవునని నొక్కితే చాలు. సులువైనదే గాని, ఆ సులువులోనే ప్రమాదం ఉంది. 2022లో ఊబర్ సంస్థకు పనిచేస్తున్న ఒక గుత్తేదారుకు దుండగుడు ఇలాంటి ప్రశ్నలు పదే పదే పంపాడు. చివరకు ఆ వ్యక్తి ఒకదానికి అవునన్నాడు. దుండగుడు లోపలికి వెళ్లాడు. ఈ ఇబ్బంది తప్పించడానికి ఇప్పుడు కొన్ని సంస్థలు కంప్యూటరు తెర మీద కనిపించే అంకెను ఫోనులో కొట్టమంటున్నాయి. మనం లోపలికి వెళ్లే ప్రయత్నం చేయనప్పుడు ప్రశ్న వస్తే కాదని నొక్కి, వెంటనే పాస్‌వర్డు మార్చుకోవాలి.

అన్నిటికంటే గట్టిది పాస్‌కీ, లేదా యు.ఎస్.బి.కి తగిలించే తాళంచెవి. ఆరు అంకెలను నకిలీ పుటలో కొడితే మోసగాడు వాటిని ఆ ముప్ఫై సెకన్లలోనే అసలు పుటలో వాడేసుకోగలడు. పాస్‌కీ విషయంలో అది సాధ్యం కాదు. అది ఏ చిరునామాకు నమోదయిందో ఆ చిరునామాకే జవాబిస్తుంది. నకిలీ పుటను చూసి మన కన్ను మోసపోవచ్చు, తాళంచెవి మోసపోదు. మీ విశ్వవిద్యాలయంలో ఈ సదుపాయం ఉంటే దీన్నే ఎంచుకోండి.

మన భాష వినగానే

మన విద్యార్థులకు ప్రత్యేకంగా చెప్పవలసింది ఒకటుంది. చుట్టూ వేరే భాష వినిపించే ఊళ్లో ఫోనులో తెలుగు వినబడితే మనసు కరుగుతుంది. ‘బాబూ, యూనివర్సిటీ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాను. మీదీ మా వైపే కదా. నీ స్కాలర్‌షిప్పు ఆగిపోయింది, ఇప్పుడు ఫోనుకి వచ్చిన నంబరు చెప్తే సరిచేస్తాను’ అని ఎవరైనా అన్నారనుకోండి. ఆప్యాయత చూసి అంకెలు చెప్పేస్తే పాస్‌వర్డూ రెండో తాళమూ రెండూ అప్పగించినట్టే. సన్న్యాసి వేషం ఎలాంటిదో సొంత భాష కూడా కొన్నిసార్లు అలాంటిదే. ఓ.టి.పి. చెప్పమని ఏ కార్యాలయమూ ఫోను చేసి అడగదు. అడిగినవాడు ఏ భాషలో అడిగినా ఫోను పెట్టేయండి. అనుమానం తీరకపోతే స్వయంగా కార్యాలయానికి వెళ్లి కనుక్కోండి.

ఉంగరం జారిపోతే

శకుంతల ఉంగరం నీటిలో జారిపోయింది. దుష్యంతుడు ఆమెను గుర్తించలేదు. అది చేప కడుపున దొరికేదాకా కథ ముందుకు సాగలేదు. పరీక్షల ముందు ఫోను పోయిన విద్యార్థి పరిస్థితీ అంతే: పాస్‌వర్డు తెలుసు, అయినా హాల్ టికెట్టు తీసుకోలేడు. అందుకే రెండో తాళం పెట్టుకున్న రోజే అది పోతే ఏంచేయాలో కూడా చూసుకోవాలి. చాలా వ్యవస్థలు ముందుగానే కొన్ని అత్యవసర సంకేతాలు ఇస్తాయి. ఉదాహరణకు గూగుల్ ఒకసారికి పది ఇస్తుంది. ఒక్కొక్కటి ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని కాగితం మీద రాసి సర్టిఫికెట్లతో పాటు పెట్టెలో దాచండి. అదే ఫోనులో ఫొటో తీసి పెట్టుకుంటే ఫోనుతో పాటే అవీ పోతాయి.

మరొక చిక్కు కుటుంబాల్లో కనిపిస్తుంది. ప్రవేశ సమయంలో నాన్నగారి నంబరో, అన్నయ్య నంబరో ఇచ్చి ఉంటారు. విద్యార్థి హాస్టలులో ఉంటే ఓ.టి.పి. ఊళ్లోని ఇంటికి వెళుతుంది. నాన్నగారు పొలంలోనో దుకాణంలోనో ఉంటే గడువు దాటిపోతుంది. ఇంట్లోవాళ్లకు ఫోను చేసి అంకెలు చెప్పించుకునే అలవాటు పడితే, రేపు మోసగాడు అడిగినప్పుడు కూడా వారు చెప్పేస్తారు. కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చి మీ సొంత నంబరు నమోదు చేయించుకోండి. సెలవుల్లో ఊరు మారి సిమ్ మార్చినా, పాత నంబరు వదిలేసేముందే ఖాతాలో కొత్తది చేర్చండి.

ఇన్ని చెప్పినా చేయవలసిన పని అరగంటలో ముగిసేదే. విశ్వవిద్యాలయ ఖాతాకు మరెక్కడా వాడని పొడవైన పాస్‌వర్డు పెట్టండి. పాస్‌కీ గాని యాప్ గాని జోడించండి. ఆ సదుపాయం లేకపోతే ఎస్.ఎం.ఎస్. అయినా జోడించండి. అత్యవసర సంకేతాలు రాసి దాచండి. తరువాత ఇంటికి వెళ్లినప్పుడు, ఫోనుకు వచ్చే అంకెలు ఎవరికీ చెప్పకూడదని అమ్మకూ నాన్నకూ వారికి అర్థమయ్యే మాటల్లో చెప్పండి. మీ ఖాతా భద్రత సగం వారి చేతిలో కూడా ఉంది.