తెరచాటు లౌడుస్పీకరు

ఇంటిలో సంగీతము వినుటకు మేలైన లౌడుస్పీకర్లను కొనదలచినవారు తుదకు రెండింటి నడుమ చిక్కుకొనుట పరిపాటి. పరిమాణమొకటే, వెలలో కొలది భేదము, రెండింటి పత్రములందును "50 నుండి 20,000 హెర్ట్జులు" అనియే యుండును. ఈ అంకెలు ఎల్లలను మాత్రమే తెలుపును. వాని నడుమ ధ్వని ఎంత సమముగా వెలువడునో చెప్పవు. "3 డెసిబెల్లుల హెచ్చుతగ్గులకు లోబడి" అని చేర్చిననే వానికి కొంత అర్థము. కనుక చెవియే శరణ్యము. కాని చెవి సులభముగా మోసపోవును.

ఒకే వోల్టేజి నిచ్చినపుడు 1 మీటరు దూరమున ఒక పెట్టె 87 డెసిబెల్లులు, మరియొకటి 90 డెసిబెల్లులు పలుకుననుకొందము. 3 డెసిబెల్లులనగా ధ్వనిశక్తి రెట్టింపు. ఆంప్లిఫయరు మీటను కదపక రెండింటిని వరుసగా వినిపించినచో రెండవది బిగ్గరగా నుండును. భేదము ఇంకను స్వల్పమైనచో శ్రోత దానిని బిగ్గరతనముగా గుర్తింపక, "ఇందులో స్పష్టత హెచ్చు" అని మురియును. కనుక మొదట రెండింటి ధ్వనిని కొలిచి సమము చేయవలెను.

తరువాతి చిక్కు గది. 5 మీటర్ల పొడవుగల గదిలో ఎదురుగోడల నడుమ ఏర్పడు మొదటి స్థిరతరంగపు దైర్ఘ్యము 10 మీటర్లు. ధ్వనివేగము సెకనుకు 343 మీటర్లు గనుక పౌనఃపున్యము సుమారు 34 హెర్ట్జులు. రెండవది సుమారు 69 హెర్ట్జులు. అది గోడలచెంతను, గది నడుమను ఉబ్బి, పొడవులో నాలుగవ వంతున క్షీణించును. మృదంగపు తొప్పి పలుకు బాగున్నదను ప్రశంస పెట్టెకు గాక, పెట్టిన చోటికే చెందవచ్చును! పెట్టెలను ఒకదాని చోట మరియొకటి మార్చి వినవలెను. తీర్పు పెట్టెతో కదలినచో గుణము పెట్టెది, చోటుననే నిలిచినచో గదిది.

కన్ను చేయు మోసము వీనికి తీసిపోదు. అమెరికాలోని హార్మన్ సంస్థలో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనువారు 40 మంది శ్రోతలకు 4 లౌడుస్పీకర్లను కనబడునట్లు ఒకమారు, తెరచాటున ఒకమారు వినిపించి, ఫలితములను 1994లో వెల్లడించిరి. కనబడినపుడు చిన్నదియు చవకదియునగు పెట్టెకు మార్కులు తగ్గినవి, ఘనముగా నున్నవానికి పెరిగినవి. శ్రోతలు ఆ సంస్థ ఉద్యోగులే. అనుభవము వారిని కాపాడలేదు. పెట్టె చోటు మార్చినందువలన కలుగు భేదమును గూడ, తెర తీసినపుడు వారు అంతగా పట్టలేకపోయిరి.

పాఠశాలలో ఈ పరీక్షను ఏ రెండు స్పీకర్లతోనైనను జరుపవచ్చును. పలుచని గుడ్డ అడ్డుగట్టి, ధ్వనిని సమముచేసి, శ్రోతకు మొదట రెండింటిని పరిచయము చేయవలెను. పిదప సహాయకుడు ప్రతిమారు నాణెమెగురవేసి ఒకదానిని వినిపించును. అది ఏదియో శ్రోత చెప్పవలెను. ఇందుకు కంఠస్వరము ఒక్కటే కంటె, మంద్రము నుండి తారము వరకు అన్ని పౌనఃపున్యములు నిండిన సంగీతము మేలు. 10 మార్లలో 6 ఒప్పులు వచ్చెనని పొంగరాదు. కేవలము ఊహించువానికి గూడ 1024 విధములలో 386 విధముల 6 గాని అంతకు మించి గాని ఒప్పులు వచ్చును, అనగా నూటికి 38 పాళ్లు. 9 లేక 10 వచ్చుటకు 11 విధములే గలవు.

కొనదలచినవారికి ఆ 9 అందనిచో, హెచ్చు వెల నిచ్చుటకు ఆధారము లేదు. మిగిలిన సొమ్ముతో దళసరి తివాచీ, పరదాలు కొనవచ్చును. అవి తారస్వరముల పరావర్తనమును తగ్గించును. 69 హెర్ట్జుల ఉబ్బును మాత్రము తివాచీ మాన్పజాలదు. దానికి కుర్చీని జరుపుకొనవలసినదే.