ఉత్కంఠకు తొలి అడుగు: చిత్రారంభంలో కెమెరా, కాంతి, శబ్దం

హత్య ఇంకా జరగలేదు. నేరస్థుడెవరో తెలియదు. అయినా కొన్ని చిత్రాలు మొదలైన అయిదు నిమిషాలకే మనం ఊపిరి బిగబట్టి చూస్తాం. ఈ భయం ఎక్కడి నుంచి పుడుతుంది? కథ నుంచి మాత్రమే కాదనీ, కెమెరా, కాంతి, శబ్దాల పొందిక నుంచి కూడా పుడుతుందనీ మా అభిప్రాయం. మూడు ప్రసిద్ధ చిత్రాల ప్రారంభ దృశ్యాల ద్వారా ఈ సంగతిని వివరింప యత్నిస్తాము.

మొదట కెమెరా. ఆర్సన్ వెల్స్ దర్శకత్వం వహించిన ‘టచ్ ఆఫ్ ఈవిల్’ (1958)లో ఒకడు టైంబాంబును కారు వెనుక పెట్టెలో దాచి పారిపోతాడు. ఏమీ ఎరుగని ఒక జంట ఆ కారెక్కి బయలుదేరుతుంది. బాంబు కనబడినది మొదలు మూడు నిమిషాలకు పైగా, క్రేన్ మీది కెమెరా ఒక్క కోత కూడా లేకుండా మెక్సికో సరిహద్దు పట్టణపు వీధుల వెంట సాగుతుంది. కారు ఒకసారి కనబడుతుంది, ఒకసారి మరుగవుతుంది. నాయికానాయకులు దాని పక్కనే నడుస్తుంటారు. కోత లేదు గనుక తెర మీది క్షణమూ మన క్షణమూ ఒక్కటే. బాంబు సంగతి మనకు తెలుసు, వారికి తెలియదు. ఉత్కంఠకు మూలం ఈ తేడాయే.

ఇక కాంతి. ఉర్దూ రచయిత కమాల్ అమ్రోహీ తొలిసారి దర్శకత్వం వహించిన చిత్రం ‘మహల్’ (1949). ఛాయాగ్రాహకుడు జర్మనీ దేశస్థుడైన జోసెఫ్ విర్షింగ్. తుపాను రాత్రి, పాత భవనం, అక్కడి చిత్రపటంలో నాయకునికి కనబడిన తన ముఖమే! వెలుగు చూపినదాని కంటె చీకటి దాచినదే మన ఊహను రేపుతుంది. ఇంతలో గడియారం రెండు కొడుతుంది, ఎక్కడి నుంచో పాట వినవస్తుంది. గాయని లతా మంగేష్కర్ మైకుకు దూరం నుంచి పాడుతూ దగ్గరకు నడచి వచ్చారు. అందుచేతనే ఆ గొంతు దూరాన్ని కూడా మనకు చూపగలిగింది.

శబ్దానికి మకుటాయమానమైన ఉదాహరణ ఫ్రిట్జ్ లాంగ్ తొలి శబ్దచిత్రం ‘ఎం’ (జర్మనీ, 1931). పిల్లలు హంతకుని గురించిన పాట పాడుతూ ఆడుకుంటారు. ఎల్సీ అనే పాప హంతకుని పట్టిస్తే బహుమానమని చాటే ప్రకటన మీదికి బంతి కొడుతుంది. ఆ కాగితం మీద ఒక నీడ పడుతుంది. తరువాత ఒక ఈల. ఇంటివద్ద తల్లి పేరు పెట్టి పిలుస్తుంది. బదులు లేదు. నిర్మానుష్యమైన మెట్లు, ఖాళీ కంచం, దొర్లివచ్చిన బంతి, తీగలలో చిక్కుకున్న బుడగ - ఇంతే. హత్య కనబడదు, నెత్తురు చుక్క కనబడదు. కాని ఆ నిశ్శబ్దం ముందు మనం నిస్సహాయులమవుతాం.

భయపెట్టడమంటే నెత్తురు పారించడం, చెవులు చిల్లులుపడే మోత మోగించడం అనుకునేవారు నేడూ లేకపోలేదు. పసిబిడ్డ చావును వినోదంగా కాక, తల్లి వేదనగా చూపిన లాంగ్ వారికి సమాధానం. మితం పాటించిన కళాకారుడు ప్రేక్షకుని బుద్ధిని గౌరవిస్తాడు. బుద్ధిని గౌరవించని చిత్రం అతని మనసును మొద్దుబారుస్తుంది.

విద్యార్థి మిత్రులు ఇకపై చిత్రం చూచునపుడు ఏమి చూపారో గమనించుటతో పాటు ఏమి దాచారో కూడా ఆలోచించాలని మనవి. కళాశాలలో అప్పుడప్పుడు ఇటువంటి చిత్రాలను ప్రదర్శించి చర్చించే ఏర్పాటు కావించవలసినదిగా కమిటీవారిని సవినయంగా కోరుతున్నాము.