హిందూ మహాసముద్ర ద్విధ్రువం: ట్యూనా సంచారం, బై-క్యాచ్

మన తీరంలో సూరగా పిలిచే ట్యూనా ఒకచోట స్థిరంగా ఉండే చేప కాదు. నీటి ఉష్ణోగ్రత, ప్రాణవాయువు, ఆహారం అనుకూలించిన చోటికి అది వందల కిలోమీటర్లు వలస పోతుంది. హిందూ మహాసముద్రంలో ఈ పరిస్థితులను కొన్నేళ్లకొకసారి తారుమారు చేసేవి ఎల్‌నినో, హిందూ మహాసముద్ర ద్విధ్రువం (ఇండియన్ ఓషన్ డైపోల్).

ద్విధ్రువపు ధనాత్మక దశలో తూర్పు గాలులు బలపడి, సుమత్రా తీరంలో లోతునున్న చల్లని నీరు పైకి ఉబుకుతుంది. వెచ్చని నీరు ఆఫ్రికా వైపు పేరుకుంటుంది. ఉపరితలపు వెచ్చని పొరకు, అడుగునున్న చల్లని నీటికి నడుమ ఉష్ణోగ్రత వేగంగా పడిపోయే మండలాన్ని థర్మోక్లైన్ అంటారు. ట్యూనా వేటకు కీలకం ఇదే. సీషెల్స్ పరిసరాలలో సాధారణంగా థర్మోక్లైన్ పైకి ఉంటుంది. ఎల్లోఫిన్ ట్యూనా ఎక్కువ కాలం పలుచని వెచ్చని పొరలోనే గడుపుతుంది కనుక పర్స్‌సీన్ అనే చుట్టువలకు సులభంగా చిక్కుతుంది. థర్మోక్లైన్ లోతుకు దిగినప్పుడు గుంపు వల అడుగు కిందుగా తప్పించుకోగలదు. పోషకాలు పైకి రానందున ప్లవకాలు, వాటిపై ఆధారపడిన చిన్న చేపలు కూడా తగ్గుతాయి. అందువల్ల పట్టుబడి పడిపోయిన ఏడాది చేపల సంపదే తరిగిపోయిందని తేల్చడం తొందరపాటు.

1997లో ఎల్‌నినో, ధనాత్మక ద్విధ్రువం కలిసి వచ్చాయి. 1998 ఆరంభంలో ఐరోపా చుట్టువల నౌకలు అలవాటైన పశ్చిమ క్షేత్రాలను విడిచి తూర్పు హిందూ మహాసముద్రానికి తరలిపోయాయి. ట్యూనా డబ్బాల పరిశ్రమ, నౌకల రాకపోకలు ముఖ్యమైన ఆదాయ మార్గాలలో భాగమైన సీషెల్స్‌కు ఇది సామాన్యమైన నష్టం కాదు.

స్వేచ్ఛగా తిరిగే గుంపులు అందనప్పుడు నౌకలు ఫ్యాడ్‌లపై ఆధారపడటం సహజం. ఫ్యాడ్ అంటే చేపలను ఆకర్షించడానికి సముద్రంలో వదిలే తెప్ప. దాని నీడన స్కిప్‌జాక్‌తో పాటు ఎల్లోఫిన్, బిగ్‌ఐ ట్యూనాల పిల్లలు, సిల్కీ సొరలు కూడా చేరతాయి. అందుచేత స్వేచ్ఛా గుంపుల వేటకంటే ఫ్యాడ్ వేటలో బై-క్యాచ్, అనగా లక్ష్యం కాని జీవుల పట్టుబడి, ఎక్కువ. తెప్పల కింద వేలాడే పాత వలలలో చిక్కి, హిందూ మహాసముద్రంలో ఏటా 4.8 లక్షల నుండి 9.6 లక్షల సిల్కీ సొరలు మరణిస్తున్నాయని 2013లో ప్రచురితమైన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఇవి నౌక పైకి రావు కనుక పట్టుబడి లెక్కలలో కనిపించవు. తెప్పలు ప్రవాహంతో కొట్టుకుపోతాయి. ద్విధ్రువం ప్రవాహాలను మార్చిన ఏడాది ఈ ముప్పు కూడా చోటు మారుతుంది.

విశాఖపట్నం మత్స్యకారులు ఎల్లోఫిన్‌ను గాలాలతో పడతారు. ఈ పద్ధతిలో బై-క్యాచ్ స్వల్పం; చేప దొరకని ప్రయాణానికి అయ్యే డీజిలు ఖర్చే వారికి భారం. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాలు కొలిచిన నీటి ఉష్ణోగ్రత, పత్రహరితం ఆధారంగా వేట ప్రాంతాల సూచనలు ఇస్తోంది. అయితే ఉపగ్రహం చూసేది ఉపరితలాన్నే. థర్మోక్లైన్ లోతును సముద్రంలో మునిగి తేలే ఆర్గో పరికరాలు కొలుస్తాయి. గాలం ఎంత లోతుకు దించాలో నిర్ణయించుకోవడానికి మత్స్యకారునికి ఈ రెండవ కొలత కూడా అవసరం.